యూరిప్టెరస్‌కు ‘సముద్రపు తేలు’ పేరు ఎలా అంటుకుంది?

యూరిప్టెరస్ ఎప్పుడో అంతరించిపోయిన, కీళ్ల కాళ్లున్న నీటి జీవి. అది తేలు కాదు. నడిసముద్రపు జీవీ కాదు, తీరం దగ్గరి లోతులేని నీళ్లలో బతికింది. అయినా ‘సముద్రపు తేలు’ అనే పేరే స్థిరపడిపోయింది. అంతకుముందు దానికి తగిలించిన గుర్తింపులు ఇంకా దూరం.

1818లో న్యూయార్క్ రాష్ట్రం వెస్ట్‌మోర్లండ్‌లో దొరికిన శిలాజాన్ని ప్రకృతి పరిశోధకుడు శామ్యూల్ మిచిల్ జెల్లలాంటి చేప అన్నాడు. తల డిప్ప పక్కల నుంచి పొడుచుకొచ్చిన కాళ్లు ఆయనకు మూతి మీసాల్లా కనిపించాయి. 1825లో మరో పరిశోధకుడు జేమ్స్ డికే అవి కీళ్ల కాళ్లని తేల్చి, యూరిప్టెరస్ రెమిపెస్ అని పేరుపెట్టాడు. యూరిప్టెరస్ అంటే గ్రీకులో వెడల్పు రెక్క, రెమిపెస్ అంటే లాటిన్‌లో తెడ్డుకాలు. చేప పీడ వదిలింది కానీ, ఆయన దాన్ని రొయ్యలు, పీతల బంధువర్గంలో పెట్టాడు.

చిక్కంతా రాతిలోనే ఉంది. న్యూయార్క్ శిలాజాలు ఎక్కువగా వాటర్‌లైమ్‌లో వస్తాయి. అది బంకమన్ను కలిసిన డోలమైట్. కాల్చి పొడిచేస్తే నీళ్లలో కూడా గట్టిపడే సిమెంటు అవుతుంది. బఫెలో దగ్గర ఆ సిమెంటు కోసం తవ్విన క్వారీల్లోనే ఎన్నో బయటపడ్డాయి. ఆ రాతిలో జీవి అప్పడంలా అణిగిపోయి, వీపు పక్కే పైకి కనిపిస్తుంది. వర్గాన్ని తేల్చే నోటి భాగాలేమో అడుగున ఉంటాయి.

ఎస్టోనియాలోని సారెమా దీవి రాయి ఆ అడ్డు తొలగించింది. అక్కడ పెంకు చెక్కుచెదరకుండా మిగిలింది. స్వీడన్ శిలాజ శాస్త్రవేత్త గెర్హార్డ్ హోమ్ చుట్టూ ఉన్న రాతిని ఆమ్లంతో కరిగించి, పెంకును విడిగా బయటికి తీశాడు. 1898లో ప్రచురించిన ఆ వివరణలో కాళ్ల మీది సన్నటి వెంట్రుకలు కూడా ఉన్నాయి. ఈ జీవికి రొయ్యలు, పీతలకు తల ముందు ఉండే స్పర్శ మీసాలు లేవు. నోటి ముందు ఒక జత చిన్న పటకార్లు, తర్వాత నాలుగు జతల కాళ్లు, చివరి జత తెడ్లు. పీతకు ఉండాల్సిన మీసాలు లేక, తేలుకు నోటి ముందు ఉండేలాంటి పటకార్లు ఉండటంతో ఇది సాలీళ్లు, తేళ్లు, ఒడిశా తీరంలో కనిపించే హార్స్‌షూ పీతల వైపు చేరింది. తోక ముల్లు చూసి తేలనుకుంటారు గానీ, అందులో విషమున్న ఆధారం లేదు.

ఇంకో పొరపాటు లెక్కల్లో జరుగుతుంది. దొరికేవాటిలో ఎక్కువ భాగం కళేబరాలు కావు, విడిచిన పెంకులు. తల డిప్ప ముందంచు తెరుచుకుని ఉన్నా, డిప్ప పక్కకు జరిగి ఉన్నా ముందు కుబుసమనే అనుమానించాలి. ఒక్కో జీవి పెరిగేకొద్దీ ఇలాంటివి ఎన్నో వదులుతుంది. కాబట్టి ఒక పలకపై పది పెంకులు కనిపిస్తే పది జీవులు చచ్చాయని రాయకూడదు.