పక్షవాతం తర్వాత నీలం మూత ట్యూబు చెప్పే కబురు

పక్షవాతం వచ్చినవారికి స్కాన్ తీస్తే మెదడులో ఏ భాగం దెబ్బతిందో తెలుస్తుంది. రక్తనాళాల లోపల ఒకే కణం మందాన పరుచుకున్న ఎండోథీలియం పొర సంగతి మాత్రం అందులో కనబడదు. దాని జాడ కొంత నీలం మూత ట్యూబులోకి తీసిన రక్తంలో దొరుకుతుంది.

ఈ పొర కణాలు వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీన్‌ను చిన్న సంచుల్లో చుట్టి దాచుకుంటాయి. ఆ సంచులను 1964లో వైబెల్, పలాడే వర్ణించారు. పొరకు దెబ్బ తగిలితే సంచి విచ్చుకుంటుంది, ప్రోటీన్ తీగలా సాగి ప్లేట్‌లెట్లను పట్టుకుంటుంది. ఆ తీగను కత్తిరించేది ఆడమ్‌టీఎస్-13 ఎంజైమ్. మొదటిది పెరిగి రెండోది తగ్గితే గడ్డలు కట్టే వైపు మొగ్గు ఉన్నట్టే. అవే సంచుల్లో ఉండే పి-సెలెక్టిన్ అనే మరో ప్రోటీన్‌నూ కొలుస్తారు గానీ, అది ప్లేట్‌లెట్లలోనూ ఉంటుంది కాబట్టి ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చలేం. ఎండోథీలియం కణాల్లోనే తయారయ్యే 'ఈ' (E) సెలెక్టిన్‌తో ఆ పేచీ తక్కువ.

వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ మామూలుగా డెసిలీటరుకు సుమారు 50 నుంచి 200 యూనిట్లు. ఇంత వెడల్పు హద్దుల మధ్య ఒక్క అంకెను చూసి ఏం చెప్పగలం? పైగా 'ఓ' (O) గ్రూపు రక్తం వారిలో ఇది మిగతావారికంటే పాతిక శాతం దాకా తక్కువ. జ్వరం, గర్భం, వ్యాయామం, ఆందోళన దీన్ని పెంచేస్తాయి. పక్షవాతంలో మింగడం కష్టమై, తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం మామూలే. రెండో రోజు పెరిగిన అంకె మెదడు నాళాలదో, ఆ న్యుమోనియాదో! అందుకే మూడు నెలలకు మళ్లీ తీసిన అంకెకే నేను ఎక్కువ విలువిస్తాను. ప్రస్తుతానికి ఈ అంకెను బట్టి మందులు మార్చే పద్ధతి లేదు. బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగతాగడం వంటి వాటి మీదే వైద్యం నడుస్తోంది.

ఇక తప్పులు ఎక్కువగా దొర్లేది ట్యూబు దగ్గర. రక్తం గడ్డకట్టకుండా ఆపే సిట్రేట్ ద్రావణం 3.2 శాతం గాఢతలో ఉన్న నీలం మూత ట్యూబులో తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్ ఉండాలి. గీత దాకా నింపకపోతే ప్లాస్మా (రక్తకణాలు తీసేశాక మిగిలే ద్రవం) పలచబడి అంకె తగ్గుతుంది. రక్తాన్ని గది వేడిమిలోనే ఉంచి, కణాలను, ప్లాస్మాను విడదీయడానికి నాలుగు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్ యంత్రంలో వేగంగా తిప్పాలి. పరిశోధన కోసమైతే రెండుసార్లు తిప్పి, ప్లేట్‌లెట్లు మైక్రోలీటరుకు పదివేల లోపుకు దిగాక ఆ ప్లాస్మాను మైనస్ 70 డిగ్రీల దగ్గర మంచులా గట్టిపరుస్తారు. పాడవుతుందేమోనని తిప్పకముందే రక్తాన్ని ఫ్రిజ్‌లో పెడితే ఫ్యాక్టర్ పడిపోతుంది.

కరిగించేది కూడా 37 డిగ్రీల నీటిలో, త్వరగా. ఫ్రిజ్‌లో మెల్లగా కరగనిస్తే తెల్లటి మడ్డి అడుగున చేరుతుంది, ఫ్యాక్టర్ చాలావరకు అందులోనే పోతుంది. బ్లడ్ బ్యాంకులు క్రయోప్రెసిపిటేట్ అనే, రక్తం గడ్డకట్టించే ప్రోటీన్లున్న ఆ మడ్డిని తయారుచేసేది సరిగ్గా ఇలాగే, కావాలని.