సుంకాలు తగ్గితే జీతాలేమవుతాయి? అపోహలు - వాస్తవాలు

ప్రాంతాలవారీ వేతనాల లెక్కలు చూడటం నా పని. ఏదో ఒక వాణిజ్య ఒప్పందం వార్తల్లోకి వస్తే చాలు, నాకు ఫోన్లు మొదలవుతాయి. కొందరు "ఇక మన బతుకులు రోడ్డున పడ్డట్టే" అంటారు, కొందరు "ఇక అందరికీ పండగే" అంటారు. ఏ ప్రాంతం, ఏ పరిశ్రమ అని మాత్రం ఒక్కరూ అడగరు.

అపోహ: దెబ్బ తగిలినా నాలుగైదేళ్లలో అదే సర్దుకుంటుంది.

జనాన్ని నిలువునా ముంచుతున్నది ఇదే. జీతాలు పడిపోయిన చోటి నుంచి పనివాళ్లు మెరుగైన చోటికి వెళ్తారు, తేడా కరిగిపోతుంది అని పాఠాల్లో చెబుతాం. బ్రెజిల్ 1990-95 మధ్య దిగుమతి సుంకాలను బాగా తగ్గించింది. ఆ కోత ఎక్కువగా తగిలిన ప్రాంతాలు, అంటే సుంకాల రక్షణ కోల్పోయిన పరిశ్రమలు ఎక్కువున్నవి, సంపాదనలో మిగతావాటికంటే వెనకబడ్డాయి. డిక్స్-కార్నేరో, కోవాక్ అనే ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, పదేళ్లకు ఉన్న ప్రభావం ఇరవై ఏళ్లకు మూడు రెట్లైంది. సర్దుకోవడం మాట దేవుడెరుగు! కొత్త పెట్టుబడి రాదు, ఉన్న మిషన్లు పాతబడతాయి, వాటిని నమ్ముకున్న చిన్న యూనిట్లూ చితికిపోతాయి. ఇల్లు, అప్పులు, పిల్లల చదువులు వదిలి మనుషులు అంత తేలిగ్గా కదలరు.

ఒక సమావేశం అయ్యాక మిల్లు కార్మికుడొకరు వచ్చి, "ఇంకో రెండేళ్లు ఓపిక పడితే పాత జీతం వస్తుందా సార్?" అని అడిగారు. ఆ ఆశతోనే చేతికొచ్చిన వేరే పని వద్దనుకున్నారట. ఆయన టెన్షన్ చూస్తే జాలేసింది; ఆ మాట నూరిపోసినవాళ్ల మీద ఒళ్లు మండింది. పని ఇంకా ఖాళీగా ఉంటే వెంటనే చేరిపొమ్మన్నాను.

అపోహ: 1991 సంస్కరణలతో మన దేశంలో కొన్ని జిల్లాల్లో పేదరికం పెరిగింది.

ఆర్థికవేత్త పెట్యా తోపలోవా పరిశోధనను సగం చదివి పుట్టించిన పుకారిది. సుంకాల కోత ఎక్కువ తగిలిన గ్రామీణ జిల్లాల్లో పేదరికం మిగతాచోట్లకంటే నెమ్మదిగా తగ్గిందని ఆమె తేల్చింది. వెనకబడటం వేరు, పడిపోవడం వేరు.

అపోహ: వాణిజ్యం తెరిస్తే పేద ప్రాంతాలకు నష్టమే.

కాదు. వియత్నాంతో 2001 నాటి వాణిజ్య ఒప్పందంతో అమెరికా సుంకాలు తగ్గించాక, ఆ కోత ఎక్కువ కలిసొచ్చిన అక్కడి ప్రావిన్సుల్లో పేదరికం మరింత వేగంగా తగ్గింది.

అపోహ: కూలి చవకైన చోటికే ఫ్యాక్టరీలు పోతాయి.

మెక్సికోలో దక్షిణాదిన కూలి చవక. అయినా 1994లో నాఫ్తా (అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందం) వచ్చాక ముందుకు దూకింది అమెరికా సరిహద్దు రాష్ట్రాలే. సరుకు అమెరికాకు చేర్చే ఖర్చు అక్కడ తక్కువ మరి.