త్రీ ఫిఫ్టీన్ రైఫిల్ మన దాకా ఎలా వచ్చింది?

గుంటూరు, పల్నాడు వైపు ఎన్నికల కోడ్ పడిందంటే లైసెన్సు తుపాకులు పోలీస్ స్టేషన్‌లో జమ చేయమంటారు. అక్కడికి చేరేవాటిలో ఎక్కువ పన్నెండు బోరు గన్నులే, అంటే గుళ్లు చిమ్మే షాట్‌గన్నులు. ఎవరైనా రైఫిల్ తెచ్చారంటే అది చాలాసార్లు .315, మనవాళ్లు త్రీ ఫిఫ్టీన్ అనేది. ఆ అంకె గొట్టం లోపలి వెడల్పు, అంగుళాల్లో. పెద్ద జంతువుకి ఏ క్యాలిబర్, అంటే ఏ గొట్టం సైజు, సరిపోతుందనే వాదన వస్తే కుర్రాళ్లు అమెరికా వీడియోలు చూసి ఏవేవో మాగ్నమ్‌ల (మందు ఎక్కువున్న బలమైన తూటాల) పేర్లు చెప్తారు గానీ, మన దేశంలో ఆ లెక్క జంతువుని చూసి వేసింది కాదు, తుపాకీ ఎవరి చేతికి పోతుందోనన్న సర్కారు భయం వేసింది.

పాత నల్ల తుపాకీమందు రోజుల్లో గుండుకి వేగం వచ్చేది కాదు. అందుకని బరువు పెంచేవాళ్లు. ఏనుగుకీ అడవి దున్నకీ ఎనిమిది బోరు, నాలుగు బోరు తుపాకులు వాడేవాళ్లు. నాలుగు బోరు అంటే పౌను సీసంతో నాలుగే గుండ్లు, ఒక్కోటి 113 గ్రాములు, ఆ దెబ్బకి కాల్చినవాడి భుజం కూడా పోయేది. 1889లో కార్డైట్ అనే పొగలేని కొత్త తుపాకీమందు వచ్చాక కథ మారింది. 1898లో లండన్‌లో రిగ్బీ కంపెనీ .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తెచ్చింది. 31 గ్రాముల తూటా, సెకనుకి దాదాపు 655 మీటర్ల వేగం. ఎంత పెద్ద జంతువుకైనా ఇది చాలని వేటగాళ్లు తేల్చేసుకున్నారు.

కానీ అప్పటికే వాయవ్య సరిహద్దులో పఠాన్ తెగల చేతుల్లో, అటు సూడాన్‌లో, పాత మార్టినీ హెన్రీ రైఫిళ్లు చాలా ఉన్నాయి. వాటి బోరు కూడా .450. వేట తూటాలు దారి మళ్లి వాటికి పనికొస్తాయేమోనని భయపడి 1907లో బ్రిటిష్ ప్రభుత్వం ఆ క్యాలిబర్‌ని ఇండియాకి, సూడాన్‌కి రానివ్వకుండా ఆపేసింది. దాంతో ఇంగ్లాండ్ తుపాకీ కంపెనీలు .465, .470, .475, .476 అని వరసపెట్టి కొత్త సైజులు దించాయి. బలంలో అన్నీ ఆ పాత .450కి దగ్గరివే. ఈ రోజుకీ ఆఫ్రికా వేటలో గొప్పగా చెప్పుకునే .470 ఆ నిషేధం మూలంగా పేరు తెచ్చుకున్నదే.

.303 సంగతీ అంతే. అది సైన్యం తూటా, మామూలు జనం చేతికి ఇవ్వకూడదు. ఇంగ్లాండ్ తుపాకీ కంపెనీ బి.ఎస్.ఏ., ఆ .303 కాల్చే సైన్యం లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్‌నే ఆస్ట్రియా వాళ్ల 8 మిల్లీమీటర్ల మాన్‌లిషర్ తూటాకి సరిపడా మార్చి ఇండియాకి పంపింది. తూటా అడుగు భాగం .303కి దగ్గరగానే ఉంటుంది కాబట్టి పెద్ద మార్పులు అక్కర్లేదు. ఆ 8 మిల్లీమీటర్లే అంగుళాల్లో .315. స్వాతంత్ర్యం వచ్చాక బెంగాల్‌లోని ఈశాపూర్ సర్కారు రైఫిల్ ఫ్యాక్టరీ దాన్నే కొనసాగించింది, 1959 ఆయుధాల చట్టం వచ్చాక కూడా .303 నిషేధిత బోరుగానే ఉండిపోయింది. త్రీ ఫిఫ్టీన్ మన దాకా వచ్చింది ఇలా. పులికో దుప్పికో ఇదే సరైనదని ఎవరూ కూర్చుని ఆలోచించలేదు.

అదే 1907లో హిమాలయాల్లోని కుమావూఁలో చంపావత్ ఆడపులిని వేటగాడు జిమ్ కార్బెట్ చంపాడు. 436 మందిని పొట్టన పెట్టుకున్న పులి అది. తర్వాత నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరపళ్లు రెండూ విరిగి ఉన్నాయి, పైది సగానికి, కిందది ఎముక దాకా. ఎవరో ఎప్పుడో కాల్చి వదిలేసిన తూటా గాయం. మామూలు వేట చేతకాక మనుషుల మీద పడింది. ఆ రోజు కార్బెట్ చేతిలో ఉన్నది .500 రైఫిల్, తూటాలు మూడే, అవి అయిపోతే తహసీల్దారు గన్ను తీసుకుని పని ముగించాడు. ఆ పులిని చంపినందుకు బహుమతిగా వచ్చిన రిగ్బీ .275 మాత్రం చిన్న బోరు, 7 మిల్లీమీటర్లది. క్యాలిబర్ గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ ఆ విరిగిన కోరల దగ్గర ఆగి ఆలోచించాలని నా కోరిక.

ఆ .275 బోరుతోనే ఆఫ్రికాలో డబ్ల్యూ.డి.ఎం. బెల్ అనే వేటగాడు వందల ఏనుగుల్ని పడగొట్టాడు. తలలో మెదడు ఎక్కడుంటుందో కోసి చూసి నేర్చుకున్నవాడు, పైగా పూర్తి లోహపు తొడుగున్న తూటా వాడేవాడు, అది చితకదు, ఎముక దాటి లోపలికి పోతుంది. దుప్పికి, పందికి కావలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం, మెత్తటి ముక్కున్న తూటా లోపల విచ్చుకుని ఊపిరితిత్తుల్ని ఛిద్రం చేయాలి. మన గుంటూరు రైలు లైన్‌లోనే, నల్లమలలోని దిగువమెట్ట దగ్గర మనుషుల్ని తినే పులి కోసం తిరిగిన వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ వాడింది .405 వించెస్టర్, లావు తూటా, దగ్గర దూరానికి. అంటే జంతువు, దూరం, తూటా తయారీ, కాల్చేవాడి చెయ్యి, ఇవన్నీ చూశాకే బోరు సంగతి. నా మటుకు త్రీ ఫిఫ్టీన్ వంద గజాల లోపు పందికి చాలు, అడవి దున్న మీదికి దాంతో వెళ్లడం తప్పు.

1972 వన్యప్రాణి చట్టంతో వేటకి కట్టడి పడింది, 1991 సవరణతో లైసెన్సు వేట ముగిసింది, 1983లో నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్ అయింది. అది మంచిదే. ఇప్పుడు మిగిలింది మాచర్ల, కారంపూడి వైపు మొక్కజొన్న చేలో పడే పందులు. పంట నాశనం చేసే జంతువుని కాల్చాలన్నా వన్యప్రాణి చట్టం కింద అనుమతి కావాలి. విచిత్రం ఏంటంటే, ఆయుధాల చట్టం 13వ సెక్షన్ పంట రక్షణ కోసమని పేరుపెట్టి చెప్పింది గొట్టం మూతి నుంచి మందు కూరే తుపాకీని. మందు పోయాలి, గుడ్డ పెట్టి కడ్డీతో దట్టించాలి, గుళ్లు వేయాలి, మందుకి నిప్పు అందించే క్యాప్ పెట్టాలి. మంచుకి మందు తడిస్తే పేలదు. పేలినా ఒక్కటే దెబ్బ, అది తొడకి తగిలితే పంది గాయంతో పారిపోయి తెల్లారి చేలోకి దిగిన కూలీ మీదికి వస్తుంది. అలాగని రైఫిల్ ఇస్తే గురి తప్పిన తూటా కిలోమీటర్ల దూరం పోతుంది, ఊళ్లు దగ్గర దగ్గరగా ఉన్న చోట అది ఇంకో ప్రమాదం. అనుమతి ఇచ్చే అధికారులు ఏ తుపాకీ, ఏ తూటా, ఎంత దూరం, గురిపెట్టిన జంతువు వెనక ఏముండాలి అన్నది కూడా అందులోనే రాసివ్వాలి. ముప్పై నలభై గజాల్లో మంచె మీద నుంచి కిందికి, పన్నెండు బోరులో ఒంటి గుండు వేసి కాల్చగలిగినవాడికే ఆ కాగితం ఇవ్వాలని నేనంటాను.