తెలుగు పుస్తకం కాగితం మీదా, తెర మీదా: కొన్ని అపోహలు - వాస్తవాలు

తెలుగు పుస్తకాలకు డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కట్టడం) చేయడం, ఆ తర్వాత వాటినే ఈబుక్‌లుగా మార్చడం నా వృత్తి. సరదాగా కథలూ నవలలూ చదివేవాళ్లు "ప్రింటు కొనాలా, ఈబుక్ కొనాలా?" అని అడుగుతుంటారు. అడుగుతూనే తమకున్న నమ్మకాలూ చెబుతారు. వాటిలో కొన్నిటిని సరిచేయాలి.

అపోహ: ఈబుక్ అంటే పీడీఎఫ్.

వాస్తవం: చాలామంది ఈబుక్ మీద ఆశ వదులుకునేది ఇక్కడే. పీడీఎఫ్‌లో పేజీ ఎలా కట్టామో అలాగే ఉండిపోతుంది. మన నవలలు ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులో వస్తాయి, పేజీ వెడల్పు సుమారు 5.5 అంగుళాలు. 6.5 అంగుళాల ఫోన్ అంటాం గానీ, దాని తెర వెడల్పు 3 అంగుళాలు కూడా ఉండదు. పేజీ మొత్తం అందులో పట్టాలంటే అక్షరం సగానికి తగ్గిపోతుంది. వత్తులూ గుణింతాలూ ఉన్న మన లిపికి అది మరీ కష్టం. పెద్దది చేసుకుంటే ప్రతి లైనుకీ పేజీని అటూ ఇటూ జరపాలి. ఈపబ్ అని ఈబుక్‌ల కోసమే ఉన్న ఇంకో రకం ఫైలుంది, అందులో ఈ బాధ లేదు. అక్షరం ఎంత పెంచినా లైన్లు తెర వెడల్పుకి సర్దుకుంటాయి.

మరి అన్నీ ఈపబ్‌లో ఎందుకు రావు? ప్రతి భాష అక్షరానికీ సొంత కోడ్ ఇచ్చే యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే చోటు దొరికినా, మన డీటీపీ చాలాకాలం అను ఫాంట్లతో, పేజ్‌మేకర్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోనే నడిచింది. ఆ ఫైళ్లలో నిజంగా ఉండేవి ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. వాటిని తెలుగుగా చూపించేది ఫాంటే. యూనికోడ్‌లోకి మార్చినప్పుడు వత్తులు తారుమారవుతాయి, విరామచిహ్నాలు పోతాయి. మళ్లీ మొదటి నుంచి ప్రూఫ్ చూడాల్సిందే. ఆ ఖర్చు భరించలేక చాలామంది ప్రచురణకర్తలు పీడీఎఫ్‌నే అమ్మకానికి పెడతారు. అందుకే కొనేముందు నమూనా పేజీలు మీ ఫోన్‌లోనే తెరిచి, అక్షరం పెంచి చూడండి.

అపోహ: తెర మీద చదివితే కళ్లు పాడవుతాయి, చదివింది బుర్రకెక్కదు.

వాస్తవం: కళ్లు అలసిపోయే మాట నిజం. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. మధ్యమధ్యలో దూరంగా చూస్తే ఆ అలసట తగ్గుతుంది. ఎక్కువసేపు చదివేవాళ్లకు ఫోన్ కన్నా పుస్తకాలు చదవడానికే చేసిన ఈ-ఇంక్ రీడర్ నయం, దాని తెర కాగితంలాగే బయటి వెలుతురుతో కనిపిస్తుంది. అయితే అలాంటి రీడరే అయిన అమెజాన్ కిండిల్‌లోకి 2016 చివర్లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు వచ్చినప్పుడు ఆ జాబితాలో తెలుగు లేదు. కాబట్టి ఏ రీడర్ కొన్నా, ముందు ఒక తెలుగు ఈపబ్ తెరిపించి సంయుక్తాక్షరాలు విడిపోకుండా వస్తున్నాయో లేదో చూడండి.

ఇక బుర్రకెక్కడం సంగతి. 54 అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2018లో వచ్చింది. సమాచారం చదివేటప్పుడు కాగితానిది కొంచెం పైచేయి అయింది, కథల విషయంలో మాత్రం తేడా కనబడలేదు. నవల చదివేవాళ్లకు ఈ టెన్షన్ అక్కర్లేదు. వాట్సాప్ నోటిఫికేషన్లు ఆపుకుంటే చాలు.

అపోహ: డబ్బిచ్చి కొన్న ఈబుక్ ఎప్పటికీ నాదే.

వాస్తవం: చాలాచోట్ల మనం కొనేది చదువుకునే అనుమతి మాత్రమే. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈబుక్ దుకాణం మూసేసినప్పుడు పాఠకులకు డబ్బు వాపసు వచ్చింది, పుస్తకాలు మాత్రం పోయాయి. అందుకే మళ్లీ మళ్లీ చదవాలనిపించే పుస్తకం, నలుగురికీ ఇవ్వాలనిపించే పుస్తకం కాగితం మీదే కొనమంటాను. అలాగని కాగితం శాశ్వతమేమీ కాదు. ఆమ్లం ఉన్న చవక కాగితం పచ్చబడి, ముట్టుకుంటే విరిగేంత పెళుసవుతుంది. తేమ ప్రాంతాల్లో బూజు, చెదలు సరేసరి. పాత పుస్తకాలు ఎన్నో ఈరోజు మనకి అందుతున్నది స్కాన్లవల్లే.

అపోహ: ఉచితంగా దొరికే ఈబుక్‌లన్నీ ఒకటే.

వాస్తవం: కానే కావు. మన దేశంలో రచయిత చనిపోయిన 60 ఏళ్ల తర్వాత కాపీరైట్ ముగుస్తుంది. 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన కందుకూరి రచనల్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరిగే కొత్త నవలల స్కాన్లు మాత్రం దొంగ కాపీలే. సొంత డబ్బుతో కొద్ది వందల కాపీలు వేసుకున్న రచయితకి అది నేరుగా దెబ్బ. దయచేసి వాటిని ఫార్వర్డ్ చేయకండి. తెర మీద చదవడం మీకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి తెలుగు వికీసోర్స్ అనే ఉచిత వెబ్‌సైటులో బోలెడన్ని పాత పుస్తకాలున్నాయి. వాటిని ఈపబ్‌గా దించుకోవచ్చు. ఒకటి దించుకుని వారం పాటు చదివాక రీడర్ కొనాలో వద్దో చూసుకోండి.