చుక్కలు లెక్కపెట్టిన వేలు

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వడిగినదానికి నీళ్ళు నమిలాను. "బడిలో హెచ్‌పీవీ టీకా కాగితం ఇచ్చారు తాతయ్యా. మా ఆడపిల్లలకేనట, అన్నయ్యకెందుకు లేదు? అసలదేంటి?" అన్నావు. పక్కన మీ నానమ్మ ఉంది మరి. ఇప్పుడు గుడికి వెళ్ళింది, రాస్తున్నాను.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా చూపుడువేలి మీద పులిపిరి లేచింది. ఆరుబయట మంచమేసుకుని చుక్కలు లెక్కపెట్టినందుకే అంది మా అమ్మమ్మ. గుర్రపు వెంట్రుక కడితే రాలిపోతుందంటే, జట్కా గుర్రం తోకలోంచి ఒకటి లాగాను. గుర్రం ఊరుకుంది, జట్కా తాత ఊరుకోలేదు. వీపు విమానం మోత. కొన్నాళ్ళకి పులిపిరి దానంతటదే పోయింది, పేరు మాత్రం గుర్రానికి దక్కింది.

హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్. ఆ పులిపిరిదీ ఈ వైరస్ ఇంటిపేరే! మా ఊళ్ళో ఒక వీధి వీధికీ ఒకటే ఇంటిపేరు. అందులో పాఠాలు చెప్పే పంతులుగారూ ఉన్నారు, పొలం గట్లు జరిపే ఆయనా ఉన్నాడు. ఈ వంశంలోనూ అంతే. 200కు పైగా రకాలు, పేర్లకు బదులు అంకెలు. కొన్ని వేళ్ళకీ అరికాళ్ళకీ పులిపిర్లు తెచ్చి సరిపెట్టుకుంటాయి. కొన్ని పెద్దయ్యాక ఆడా మగా శరీరాలు కలిసినప్పుడు చర్మం నుంచి చర్మానికి పాకుతాయి. దీన్నిబట్టి ఎవరి నడవడికనీ తూచకు. చాలామందికి బతుకులో ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే, వచ్చిన సంగతే తెలియదు. పదిమందిలో తొమ్మిదిమందికి రెండేళ్ళలో పోతుంది, పండక్కొచ్చిన చుట్టంలా.

పోని చుట్టాలతోనే పేచీ. 16, 18 అని ఇద్దరున్నారు. గట్లు జరిపే బాపతు. గర్భసంచి ముఖద్వారం దగ్గర చాప పరుచుకుని పదిహేను ఇరవయ్యేళ్ళు చప్పుడు చేయకుండా ఉంటారు. అక్కడొచ్చే కేన్సర్లలో వందకి డెబ్బై వీళ్ళ పనే. ఆ గుట్టు బయటపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జూర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు.

టీకాలో వైరస్ ఉండదు, దాని పైతొడుగు మాత్రమే ఉంటుంది. చొక్కా ఉంది, మనిషి లేడు, మన చేలో దిష్టిబొమ్మలాగా. ఆ చొక్కాని ఒంట్లోని కాపలావాళ్ళు గుర్తుపెట్టుకుంటారు. ముందే తిష్ట వేసిన చుట్టాన్ని మాత్రం ఈ సూది లేపలేదు. అందుకే తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ లోపు వేయించమంటారు. అన్నయ్య మాటా నిజమే. మగవాళ్ళకీ ఇది వస్తుంది, గొంతు కేన్సరూ తెస్తుంది. కొన్ని దేశాల్లో మగపిల్లలకీ వేస్తున్నారు. ఇక్కడ ముందు ఎక్కువ నష్టపోయేవాళ్ళకి అనుకున్నారు.

ఒక సంగతి దాచను. 2009లో మన ఖమ్మం జిల్లాలో వేలమంది ఆడపిల్లలకి ఈ టీకా వేశారు. కొందరు పిల్లలు చనిపోయారని గొడవైతే మరుసటేడు ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ హాస్టల్ పిల్లల కాగితాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారనీ తేలింది. నాకు కోపమొచ్చింది అక్కడే. సూది మంచిదైతే మాత్రం, అమ్మానాన్నలకి చెప్పకుండా ఎలా వేస్తారు? నువ్వు ఇన్ని ప్రశ్నలడిగావు చూడు, అది నాకు నచ్చింది.

మీ అమ్మకి ముప్ఫై దాటాయిగా, ఆసుపత్రిలో గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోమను. వెనిగర్ లాంటి ద్రావణం అద్ది, తెల్లమచ్చ కనబడుతుందేమో చూస్తారు, అంతే. టీకా వేయించుకున్నా రేపు నీకూ ఆ వయసులో ఆ పరీక్ష తప్పదు.

సూది రోజు చెయ్యి కాస్త నొప్పెడుతుంది. రాత్రి అన్నయ్యతో డాబా ఎక్కి వెల్లకిలా పడుకో. తూర్పు నుంచి మొదలుపెట్టి చుక్కలు లెక్కపెట్టు. నేను నూట పన్నెండు దగ్గర నిద్రపోయేవాణ్ణి.

మీ తాతయ్య