టి కణాల అలసట, సీపీఎస్ అంకె: నోటి, గొంతు క్యాన్సర్ మీద అపోహలు - వాస్తవాలు

నేను తిరుపతిలో పాథాలజిస్టుని. నోరు, నాలుక, గొంతు నుంచి సర్జన్లు తీసిన ముక్కల్ని మైనంలో బిగించి, పల్చగా కోయించి, రంగులు వేయించి, మైక్రోస్కోపు కింద చూసి రిపోర్టు రాస్తాను. పేషెంట్లు మామూలుగా నా దాకా రారు. ఈ మధ్య వస్తున్నారు. పలమనేరు నుంచో శ్రీకాళహస్తి నుంచో వచ్చిన కొడుకో అల్లుడో 'పీడీ-ఎల్1' (ఒంటి రక్షణ కణాల బ్రేకు నొక్కే ప్రోటీను) అన్న లైను మీద వేలు పెట్టి, ఫోన్లో చదివింది కూడా కలిపి అడుగుతారు. అవే ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి ఇక్కడ రాసిపెడుతున్నా.

అపోహ: టి కణాలు అలసిపోయాయంటే ఒంట్లో ఇమ్యూనిటీ పడిపోయినట్టే. కషాయాలు, పొడులు ఇస్తే మళ్లీ లేస్తాయి.

టి కణాలంటే రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాలు. వాటి అలసట ఒళ్లంతా జరిగేది కాదు, ముఖ్యంగా గడ్డ లోపల జరిగేది. వైరల్ జ్వరం వస్తే టి కణం వైరస్‌ని గుర్తుపట్టి దాడి చేస్తుంది, వారం పది రోజుల్లో వైరస్ పోతుంది, కణానికీ పని తగ్గుతుంది. క్యాన్సర్ గడ్డలో ఆ వెసులుబాటు లేదు. గుర్తుపట్టిన ప్రోటీను నెలల తరబడి ఎదురుగానే ఉంటుంది. అలా ఆగకుండా రెచ్చగొడుతుంటే టి కణం తన మీద తానే బ్రేకులు వేసుకుంటుంది: పీడీ-1, టిమ్-3, లాగ్-3 అనే ప్రోటీన్లు. దాడికి పనికొచ్చే రసాయనాల్లో ముందు ఇంటర్‌ల్యూకిన్-2 తయారీ తగ్గుతుంది, తర్వాత టీఎన్ఎఫ్, చివరికి ఇంటర్‌ఫెరాన్ గామా. ఏ జీన్లు తెరుచుకోవాలో ఏవి మూసుకోవాలో ఆ తీరే మారిపోతుంది. అందుకే కాస్త విశ్రాంతి దొరికినా కణం పూర్తిగా పాత దారికి రాదు. దీన్ని మొదట గమనించింది క్యాన్సర్‌లో కాదు, 1990లలో ఎల్‌సీఎంవీ అనే వైరస్ వదలకుండా పట్టుకున్న ఎలుకల్లో.

అదే పేషెంటుకి జలుబు చేస్తే అందరిలాగే తగ్గుతుంది. ఆ పని చేసే టి కణాలు వేరే.

తిండి సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోకండి. దవడ తెరుచుకోక, మింగుడుపడక బరువు తగ్గే మనిషికి రాగి జావ, గుడ్డు, పాలు, అవసరమైతే ముక్కు గొట్టం కూడా వైద్యంలో భాగమే. సత్తువ లేకపోతే రేడియేషన్ మధ్యలో ఆగిపోతుంది. కానీ ఏ జావా టి కణం మీది పీడీ-1ని తీసెయ్యదు. ఇక పేరూ ఊరూ లేని పొడుల జోలికి పోవద్దు. కొన్నింట్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలున్నాయి, ఇమ్యూనోథెరపీ (ఆ బ్రేకు తీసే మందులు) మొదలుపెట్టే ముందు ఒంట్లో తెలియకుండా స్టెరాయిడ్ ఉండటం అసలు మంచిది కాదు.

అపోహ: అలసిన కణాలు కనబడ్డాయంటే కథ ముగిసినట్టే.

నన్నడిగితే ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదే.

బుగ్గ లోపలి క్యాన్సర్ స్లైడు ఒకటి చూద్దాం. గులాబీ రంగు క్యాన్సర్ కణాలు గుంపులు గుంపులుగా, మధ్యలో ఉల్లిపొరల్లా చుట్టుకున్న కెరటిన్ ముత్యాలు. వాటి చుట్టూ నీలం చుక్కల్లా లింఫోసైట్లు (టి కణాలు ఈ కోవలోవే). కొన్ని స్లైడుల్లో ఈ చుక్కలు గుంపుల లోపలికి చొరబడి ఉంటాయి. కొన్నింట్లో అంచునే ఆగిపోతాయి. కొన్నింట్లో అసలుండవు. నాకు దిగులు పుట్టించేది ఆ చివరి స్లైడు. అలసిపోవాలంటే ముందు క్యాన్సర్‌ని గుర్తుపట్టి లోపలికి రావాలి కదా. రానేరాని చోట బ్రేకు తీసే మందు ఇచ్చినా కదలడానికి అక్కడ పెద్దగా కణాలే ఉండవు.

హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చే గొంతు క్యాన్సర్లలో పీడీ-1 ఉన్న టి కణాలు ఎక్కువగా చేరిన వాళ్లకే ఫలితం మెరుగ్గా ఉందని 2013లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రచురించారు. పైగా పీడీ-1 కనబడినంత మాత్రాన అలసట అనుకోలేం, అప్పుడే రంగంలోకి దిగిన చురుకైన టి కణం మీద కూడా అదుంటుంది. అలసినవాటిలోనూ తేడాలున్నాయి. టీసీఎఫ్-1 అనే ప్రోటీను ఇంకా ఉన్నవి మళ్లీ విభజన చెందగలవు, మందుకు ముఖ్యంగా స్పందించేది అవే. టిమ్-3 కూడా బాగా ఎక్కి చివరి దశకు చేరినవి దాదాపు కదలవు. ఈ రెండింటినీ విడదీసి చూసే పరీక్ష పరిశోధనల్లో ఉంది కానీ మామూలు రిపోర్టులో ఉండదు. మీ రిపోర్టులో 'ఎగ్జాషన్' (అలసట) అన్న మాట కోసం వెతక్కండి.

అపోహ: సీపీఎస్ 20 అంటే బతికే అవకాశం ఇరవై శాతం.

"సార్, మా నాయనకు ఇరవయ్యే వచ్చుండాది, అంటే ఇంక ఎనబై శాతం లేనట్టేనా?" అని ఒకబ్బాయి అడిగాడు. కాదు నాయనా, అది మార్కుల షీటు కాదు.

సీపీఎస్ అంటే ముక్కలో పీడీ-ఎల్1 ఎంత ఉందో చెప్పే స్కోరు. లెక్క ఇలా వేస్తాం. పీడీ-ఎల్1కి రంగు వేసిన స్లైడులో బ్రౌన్ పట్టిన క్యాన్సర్ కణాలు, వాటితో పాటు బ్రౌన్ పట్టిన లింఫోసైట్లు, మాక్రోఫేజ్‌లు (మరో రకం రక్షణ కణాలు), అన్నీ కలిపి లెక్కపెట్టి, బతికున్న మొత్తం క్యాన్సర్ కణాలతో భాగించి, వందతో గుణిస్తాం. వంద క్యాన్సర్ కణాల్లో పన్నెండు బ్రౌన్, పక్కన ఎనిమిది లింఫోసైట్లు బ్రౌన్ అయితే సీపీఎస్ 20. ప్లాస్మా కణాలు, న్యూట్రోఫిల్స్ లెక్కలోకి రావు, చచ్చిన భాగం రాదు. కనీసం వంద క్యాన్సర్ కణాలైనా లేని ముక్కను లెక్కపెట్టం. ఒకే గడ్డలో ఒక మూల 5, ఇంకో మూల 30 వచ్చినా మేం ఆశ్చర్యపోం.

ఈ అంకె పనికొచ్చేది మందు ఎంపికకి. తిరగబెట్టిన లేదా వేరే చోటికి పాకిన క్యాన్సర్‌లో పీడీ-1 బ్రేకు తీసే మందు పెంబ్రోలిజుమాబ్‌ని పరీక్షించిన కీనోట్-048 ట్రయల్ 2019లో వచ్చింది. సీపీఎస్ 20, ఆపైన ఉన్నవాళ్లలో ఆ మందు ఒక్కటే తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 14.9 నెలలు, పాత పద్ధతి కీమో, సెటుక్సిమాబ్ తీసుకున్నవారిది 10.7 నెలలు. అంటే అంకె పెరిగితే ఆయుష్షు తగ్గడం మాట అటుంచి, ఈ మందుకి అనుకూలత పెరుగుతోంది. అంతకుముందు, 2016లో అదే రకం మందు నివోలుమాబ్ ట్రయల్‌లోకి అసలు పీడీ-ఎల్1 చూసి పేషెంట్లను ఎంచలేదు. ఆ మందుతో ఏడాది దాటి బతికినవారు 36 శాతం, పాత మందులతో 16.6 శాతం.

ఆపరేషన్ అయిన పేషెంటు ఎలా ఉంటాడో తెలియాలంటే అదే రిపోర్టులో నేను పైన రాసిన లైన్లు చదవండి: ఎన్ని మిల్లీమీటర్ల లోతుకి దిగింది, అంచులు శుభ్రంగా ఉన్నాయా, మెడ గ్రంథుల్లో ఎన్నింటికి పాకింది, గ్రంథి గోడ దాటిందా, నరం వెంట పాకిందా. ఇవి పాత పద్ధతులే, బోరుగానే ఉంటాయి. ఇప్పటికీ వీటికే నా ఓటు.

అపోహ: పీ16 పాజిటివ్ వస్తే మంచి క్యాన్సర్.

పీ16 అనేది హెచ్‌పీవీ ఉండొచ్చని సూచించే ప్రోటీను. క్యాన్సర్ టాన్సిల్‌లోనో నాలుక మొదట్లోనో (గొంతు వైపు భాగం) ఉంటే అవును, ఫలితం మెరుగు. 2010లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో హెచ్‌పీవీ ఉన్నవారు మూడేళ్లకి 82.4 శాతం, లేనివారు 57.1 శాతం బతికి ఉన్నారు. మన దగ్గర హాన్స్, ఖైనీ, వక్కాకు దవడలో పెట్టుకున్న చోటే మొదలయ్యే బుగ్గ, చిగురు క్యాన్సర్లకి ఈ అంకెలు అతికించకండి. అక్కడ పీ16 ఏదొచ్చినా స్టేజి మారదు.

అపోహ: జీన్ల 'ఎగ్జాషన్ స్కోరు' చేయిస్తే ముందే తేలిపోతుంది.

పేపర్లు బోలెడు వస్తున్నాయి. చాలావరకు టీసీజీఏ అనే అమెరికా డేటాలోంచి తీసినవే, అందులో మన బుగ్గ-చిగురు క్యాన్సర్ చాలా తక్కువ. ఆ క్యాన్సర్ జీన్లను భారతీయ బృందమే ప్రత్యేకంగా చదివి 2013లో ప్రచురించింది, తేడాలు కనబడ్డాయి. ఇంకో చిక్కు: ముక్క మొత్తాన్ని రుబ్బి కొలిస్తే, టి కణాలు ఎక్కువున్న గడ్డలోనే అలసట జీన్లూ ఎక్కువ వస్తాయి. అప్పుడు స్కోరు చెబుతున్నది అలసటనా, కణాల సంఖ్యనా? డబ్బు పెట్టి చేయించుకునే దశకి అది ఇంకా రాలేదు.

అపోహ: ఇమ్యూనోథెరపీ కోటీశ్వరులకే. లేదా, అదుంటే ఆపరేషన్ అక్కర్లేదు.

ముంబై టాటా మెమోరియల్ వైద్యులు మూడు వారాలకొకసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్, అంటే మామూలు మోతాదులో పదో వంతు కూడా లేనిది, మాత్రల కీమోతో కలిపి ఇచ్చి 2022లో ఫలితాలు ప్రకటించారు. ఏడాది బతికినవారు 16.3 నుంచి 43.4 శాతానికి పెరిగారు. నయం చేసే ఆశ లేని దశలోని పేషెంట్లలో ఇది. మీ ఆంకాలజిస్టుని మొహమాటం లేకుండా అడగండి. ఆపరేషన్ చేయదగ్గ క్యాన్సర్‌లో 2025లో పెంబ్రోలిజుమాబ్‌కి అమెరికాలో అనుమతి వచ్చింది కూడా ఆపరేషన్‌కి ముందూ తర్వాతా ఇవ్వడానికే, దాని బదులు కాదు.

ఇక చిత్తూరు వైపు వాళ్లు రెండో అభిప్రాయానికి వెల్లూరు వెళ్తుంటారు, వెళ్లండి. రిపోర్టు కాగితంతో పాటు మైనం బ్లాకు కూడా అడిగి తీసుకెళ్లండి. ఎప్పుడో కోసిపెట్టిన స్లైడుల మీద పీడీ-ఎల్1 రంగు సరిగా పట్టదు, బ్లాకు నుంచి తాజాగా కోస్తే మళ్లీ ముక్క తీయాల్సిన పని తప్పొచ్చు. మే నెల ఎండలో దాన్ని కారు డాష్‌బోర్డు మీద మాత్రం పెట్టకండి, అది మైనం.