పొగగొట్టం నుంచి చల్లదనం

మే నెలలో తిరుపతి చలివేంద్రాల్లో కుండ చేసే పని చిన్నదేమీ కాదు. గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ లోపలి నీళ్ల వేడిని లాక్కుపోతుంది. ఉక్కపోసిన రోజు మాత్రం కుండ మొరాయిస్తుంది. గాలి నిండా తేమ ఉంటే కొత్త ఆవిరికి చోటెక్కడ?

ఇక వానాకాలంలో వంటింటి ఉప్పు డబ్బా చూడండి, చెమ్మగిల్లి ముద్దకట్టి ఉంటుంది. లిథియం బ్రోమైడ్ అనే లవణానికి ఈ తేమ దాహం ఇంకా ఎక్కువ. గాలి తీసేసిన డ్రమ్ములో ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు ఈ లవణ ద్రావణం ఉంచితే, పుట్టిన ఆవిరినల్లా ద్రావణమే తాగేస్తుంది. అంత తక్కువ పీడనంలో నీరు 5 డిగ్రీలకే మరుగుతుంది. అందుకు కావలసిన వేడిని గొట్టాల్లో పారే నీళ్ల నుంచి లాగుతుంది కాబట్టి అవి చల్లబడతాయి. తాగి పలచబడ్డ ద్రావణాన్ని మళ్లీ చిక్కబరచాలంటే కాచాలి. 90 డిగ్రీల వేడినీళ్లు చాలు. కరెంటంటారా, పంపులకు కాస్త. ఇలా వేడితో చల్లదనం పుట్టించే యంత్రాన్నే అబ్సార్ప్షన్ చిల్లర్ అంటారు.

కొత్త సంగతేం కాదు. ఫ్రాన్సులో ఫెర్డినాండ్ కారే 1859లోనే అమ్మోనియా, నీళ్లతో ఇలాంటి యంత్రం చేశాడు.

గ్యాస్ ప్లాంట్లకు ఇది బాగా అతుకుతుంది. భూమిలోంచి వచ్చిన వాయువును చల్లబరిస్తేనే అందులోని ప్రొపేన్, బ్యూటేన్ ద్రవాలై విడిపోతాయి. మన సిలిండర్లో ఉండేవి అవే. అక్కడి కంప్రెసర్లను తిప్పే టర్బైన్ల పొగ దాదాపు 500 డిగ్రీల వేడితో ఆకాశంలోకి పోతుంటుంది. దాంతో చిల్లర్ నడిపి వాయువును ముందుగా కొంత చల్లబరచవచ్చు. సున్నా కిందికి పోవాలంటే మాత్రం నీరు గడ్డకడుతుంది, అమ్మోనియా యంత్రమే దిక్కు. టర్బైన్ పీల్చే గాలినీ చల్లబరచవచ్చు. వేడిగాలి పలచన, 40 డిగ్రీల ఎండలో టర్బైన్ శక్తి 15 శాతం దాకా పడిపోగలదు.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు చూసినప్పుడల్లా నాకిదే గుర్తొస్తుంది. తోతాపురి గుజ్జును ఆవిరితో కాచి, వెంటనే చల్లార్చి సంచుల్లో నింపుతారు. ఒకే షెడ్డులో వేడీ కావాలి, చల్లదనమూ కావాలి, బాయిలర్ పొగ మాత్రం వృథా.

అయితే ఒక పాలు వేడి పోస్తే దక్కే చల్లదనం 0.7 పాళ్లే. పోసిన వేడి, చల్లబరుస్తూ లాగిన వేడి రెండూ కలిసి చివరికి, నీళ్లను ఆవిరిచేసి వేడిని గాల్లోకి వదిలే కూలింగ్ టవర్ నెత్తినే పడతాయి. కరెంటుతో నడిచే మామూలు చిల్లర్‌తో పోలిస్తే టవర్‌లో ఆవిరయ్యే నీళ్లు దాదాపు రెట్టింపు. బోర్లు ఎండే మా జిల్లాలో ఈ లెక్క కరెంటు బిల్లు కంటే ముందు చూసుకోవాలి. పైగా తోతాపురి సీజను రెండు నెలల ముచ్చట. మిగతా రోజుల్లో అంత ఖరీదైన యంత్రానికి పని చూపించేదెవరు?